ఎఫ్‌వన్ గ్రంథం

నేను రాసినవాటిలో లోకంలోకి వెళ్ళిన గ్రంథం ఒక్కటే ఉంది. అదొక హెల్ప్ ఫైలు. పురుగుమందుల కొట్లకు బిల్లులు కొట్టే ప్రోగ్రాం ఒకటి తయారుచేసి, వాడేవాళ్ళకు సందేహం వస్తే ఎఫ్‌వన్ మీట నొక్కగానే తెరుచుకునేలా దాని పక్కన పెట్టిన పుస్తకం. ప్రోగ్రాంకి నాకు పట్టిన కాలం కంటే ఆ పుస్తకానికి పట్టిన కాలం ఎక్కువ. ఆ ముక్క అప్పట్లో ఎవరికైనా చెబితే నా ముఖంలోకి చూసి, ఇంట్లో అంతా బాగున్నారా అని అడిగేవాళ్ళు.

తొంభైల చివర్లో జగ్గయ్యపేట మెయిన్ బజార్లో ఒక బట్టల కొట్టు మేడ మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. కరెంటు ఉన్నప్పుడు అది నడిచేది, లేనప్పుడు నేను వరండాలో అటూ ఇటూ నడిచేవాణ్ణి. ఆ ఖాళీ సమయంలో కథలు రాసి వారపత్రికలకు పంపేవాణ్ణి. అవి వెళ్ళినంత భద్రంగానే తిరిగొచ్చేవి. పోస్ట్‌మాన్ చేతిలో లావుపాటి కవరు కనబడగానే మా ఆవిడ గుమ్మంలోంచే, "ఏవండీ, మీవాడు వచ్చేశాడు" అని కేకేసేది.

సంపాదకులకు అక్కర్లేని నా సాహిత్యాన్ని పురుగుమందుల వర్తకుల మీద కుమ్మరించాలన్న ఆలోచన అలా పుట్టింది. ఇంకెవరైనా అయితే ఒక అరపేజీలో "బిల్లుకు ఇది నొక్కండి, ప్రింటుకు అది నొక్కండి" అని రాసి చేతులు దులుపుకుంటారు. నేను అధ్యాయాలు పెట్టాను. మొదటి అధ్యాయం "ఓ వర్తకశిఖామణీ!" అని మొదలవుతుంది. సరుకు నిల్వ చూసుకోవడం గురించి రాస్తూ రైతు చెమట గురించి ఒక పేరా రాశాను. ప్రింటరు అధ్యాయంలో హాస్యరసం కూడా ఉండాలి కదా అని, "ముద్రణయంత్రము ఎంతకును కదలనిచో ఒక కొబ్బరికాయ కొట్టి, కొంతసేపు వేచి చూడుము" అని రాసి, నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను.

అప్పట్లో కంప్యూటర్లో తెలుగు అంటే ఇంగ్లీషు మీటల మీద తెలుగు ముక్కలు అతికించిన ఫాంటు. ఆ ఫాంటు ఉన్న మెషీన్లో అది తెలుగు, లేని మెషీన్లో పిచ్చిగీతలు. అందుకని ప్రతి కొట్టుకీ ప్రోగ్రాంతో పాటు ఫాంటు కూడా నా చేతులతో ఎక్కించి వచ్చేవాణ్ణి. నందిగామ, కంచికచర్ల, వత్సవాయి, ఎక్కడ పురుగుమందుల కొట్టుంటే అక్కడికి నా గ్రంథం వెళ్ళింది. చదివినవాడు మాత్రం లేడు.

వత్సవాయి నుంచి ఒకాయన ఫోన్ చేసేవాడు. "మాస్టారండీ, ప్రింటు రావట్లా."

"ఎఫ్‌వన్ నొక్కారా?"

"నొక్కానండి. ఏదో తెలుగులో వచ్చింది. మూసేసా. మీరే చెప్పండి."

కంచికచర్ల ఆయన ఇంకా నయం. ఎఫ్‌వన్ మీట మీద ఎర్ర స్టిక్కరు అంటించాడు. ఎందుకండీ అంటే, "పొరపాటున చెయ్యి తగిలితే రామాయణం వచ్చేస్తోందండీ" అన్నాడు. ఇన్‌స్టిట్యూట్ మూతపడి, నేను కంప్యూటర్ల రిపేర్లలో దిగాక, నా గ్రంథం సంగతి నేనే మర్చిపోయాను. దాని అసలు ప్రతి ఉన్న ఫ్లాపీలకు బూజు పట్టింది. కొత్తగా ఒక్క అక్షరం చేర్చాలన్నా ఇక దారి లేదు. ఆ ఫైలులో ఏముందో అదే ఉంది, లేనిది లేదు.

కొన్నేళ్ళకు కొత్త విండోస్ వచ్చింది. అద్దాల్లాంటి కిటికీలు, మెరిసే బొమ్మలూ. కొట్లవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పాత డబ్బాలు తీసేసి కొత్తవి కొన్నారు. నా ప్రోగ్రాం మాత్రం మొండిది, కొత్తవాటి మీద కూడా నడిచింది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున నందిగామ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి పురుగుమందుల కొట్టు షావుకారు, నా ఈడువాడే.

"మాస్టారండీ, కొత్త మెషీన్ పెట్టించాం. బిల్లులు బానే వస్తున్నాయి. ఎఫ్‌వన్ తెరుచుకోవట్లా. నాకేం అక్కర్లేదు గానీ మా అమ్మ గొడవ చేస్తోంది. రెండ్రోజుల్నించి సరిగ్గా అన్నం తినట్లా. ఒకసారి వచ్చి చూద్దురూ."

నా గ్రంథం తెరుచుకోకపోతే అన్నం సహించని పాఠకురాలు! ఫోన్ పెట్టేసి ఇస్త్రీ చొక్కా తీశాను. రిపేర్లకు నేను మామూలుగా వేసుకునే చొక్కా వేరు. మా ఆవిడ చూసి, ఏమిటీ వేషం అంది.

"నందిగామలో ఒక పాఠకురాలు రమ్మంది."

"జాగ్రత్తగా మాట్లాడండి. ఉన్నదాన్ని కూడా పోగొట్టుకుంటారు" అంది.

చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కిన బస్సు నందిగామ చేరేదాకా ఆవిడకు ఏ అధ్యాయం నచ్చి ఉంటుందా అని ఆలోచించాను. రైతు చెమట పేరా అయి ఉంటుందని తేల్చుకున్నాను.

కొట్టు బజార్లోనే. గుమ్మంలోకి వెళ్ళకముందే మందుల ఘాటు ముక్కుకు తగిలింది. కౌంటరు వెనక కుర్చీలో తెల్లజుట్టు పెద్దావిడ కూర్చుని ఉంది. షావుకారు తల్లి. భర్త పోయిన దగ్గర్నుంచీ పగలంతా ఆ కుర్చీ ఆవిడదే. నన్ను చూడగానే లేచి, కుర్చీ నా వైపు తోసి, "తెరువు బాబూ. నాకది తెరుచుకోవాలి" అంది. కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. నావి.

కూర్చుని ఎఫ్‌వన్ నొక్కాను. ఇంగ్లీషులో చిన్న డబ్బా ఒకటి వచ్చింది. దాని సారాంశం ఏమిటంటే, ఈ సహాయం పాత పద్ధతిలో రాసింది, ఈ విండోస్‌లో దానికి చోటు లేదు. ఎన్నో తిరుగుటపాలు అందుకున్నవాణ్ణి కాబట్టి ఆ మర్యాద భాష చూడగానే గుర్తుపట్టాను. అక్కడెక్కడో కూర్చున్న కంపెనీ సంపాదకుడు కూడా నా రచన తిప్పి పంపాడన్నమాట.

పంతం వచ్చింది. ఫైలు పేరు చివర మార్చి ఇంకో ప్రోగ్రాంలో తెరిచాను. డబ్బాలూ, చుక్కలూ, మధ్యలో ఎక్కడో నా పేరు కనబడింది. మూసి, మళ్ళీ తెరిచాను. మెషీన్ ఆపి మళ్ళీ వేశాను. చివరికి ఈ పరిశ్రమలో అందరం చేసే పని చేశాను, గట్టిగా నిట్టూర్చాను. షావుకారు కౌంటరుకు ఆనుకుని అంతా చూస్తున్నాడు.

"పోనివ్వండి మాస్టారూ. విజయవాడ వాళ్ళ ప్యాకేజీ ఒకటి చూసొచ్చా. వచ్చే నెల అది పెట్టించేస్తా. దాంతో పాటు ఒక మనిషిని కూడా పెడితే అమ్మకి రెస్టు."

"నాకెందుకురా రెస్టు?" అంది ఆవిడ, అటు తిరక్కుండానే.

అతను నవ్వి, బ్యాంకుకు వెళ్ళొస్తానని బండి తీశాడు. ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చింది. అడగడానికి ఇదే సమయమనుకున్నాను.

"అమ్మగారూ, అందులో మీకు ఏ భాగం బాగా నచ్చిందండీ?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "కొబ్బరికాయ."

"ఆఁ?"

"ప్రింటరు ఆగితే కొబ్బరికాయ కొట్టమన్నావుగా. కొడుతున్నాం. లోపల దేవుడి దగ్గర కొట్టి, ప్రసాదం పంచి వచ్చేసరికి నడుస్తది. ఎప్పుడూ తప్పలా."

ఆ పాత ప్రింటర్లు పని ఎక్కువై వేడెక్కితే ఆగిపోతాయి. కాస్త చల్లారితే వాటంతటవే నడుస్తాయి. కొబ్బరికాయ కొట్టి, ముక్కలు చేసి, పంచేసరికి చల్లారేది. నా ఏకైక గ్రంథంలో పనికొచ్చిన ఏకైక సలహా నేను వేళాకోళానికి రాసింది. కాదని ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"మిగతావి?" అన్నాను.

"మిగతాది చదవలేదు బాబూ. నీ తెలుగు నాకు అర్థంకాదు."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. చదవని పుస్తకం తెరుచుకోకపోతే ఈవిడకు అన్నం ఎందుకు సహించడం లేదు? అది అడిగేలోపల ఒక మనిషి కొట్లోకి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. భుజాన తువ్వాలు, కాళ్ళకు ఎర్రమట్టి.

"ఒక డబ్బా ఇవ్వమ్మా. గట్టిది."

"దేనికి?"

"చేనుకి."

"చేనుకేం పట్టింది?"

అతను తలుపు వైపు చూశాడు. "ఏదో పట్టిందిలే అమ్మా."

"ఆకేదయ్యా?"

"తేలా."

"ఆకు లేందే బిల్లు రాదు. కంప్యూటర్ ఒప్పుకోదు." ఆవిడ వంగి ఎఫ్‌వన్ నొక్కింది. ఇంగ్లీషు డబ్బా వచ్చింది. అతను దాన్ని చూసి, "చెడిపోయిందిగా అమ్మా. ఇచ్చెయ్" అన్నాడు.

"చెడిపోలా. ఇదిగో, దీన్ని రాసిన మాస్టారే వచ్చాడు, బాగుచేస్తన్నాడు. నువ్వెళ్ళి ఆకు కోసుకురా. వచ్చేసరికి బాగవుద్ది. నీ కోసం కొట్టు తెరిచే ఉంచుతా, పో."

అతను తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. తర్వాత సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ అటే చూసింది.

"అమ్మగారూ, ఆకు గురించి నేనేం రాయలేదే?" అన్నాను.

"రాయలేదని నాకు తెలుసు."

"మరి?"

ఆవిడ నా పక్కన స్టూలు మీద కూర్చుంది. "పచ్చపురుగు పత్తంతా తినేసిన ఏడు, ఒకాయన వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడే. డబ్బా అడిగాడు, ఇచ్చా. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చా. చేనుకేం పట్టిందని అడగలా. ఆయన చేలో అప్పటికి మొక్కే లేదు బాబూ, దున్నేశాడు. ఆ సంగతి నాకు మర్నాడు తెలిసింది, మిగతా సంగతితో పాటు. ఈ చేత్తోనే ఇచ్చా."

నేను గ్లాసు కౌంటరు చివరికి జరిపాను. ఆవిడే మళ్ళీ మొదలుపెట్టింది.

"అప్పట్నించీ ఆకు చూడందే మందివ్వను. చేను కోసం వచ్చినోడు పోయి ఆకు తెస్తాడు. కోపంగానైనా తెస్తాడు. తేనోడి ఇంటికి నేనే మనిషిని పంపుతా. కానీ నేను చెబితే ఎవరు వింటారు? ముసల్ది, చాదస్తం అంటారు. మావాడసలు వినడు, వ్యాపారం పోద్దంటాడు. అప్పుడే నువ్వొచ్చి ఈ పెట్టె పెట్టావు. ఎఫ్‌వన్ నొక్కితే తెర నిండా తెలుగు. ఇదిగో, ఇందులో రాసుంది, ఆకు లేందే అమ్మకూడదంట అని చూపించా. నోరెత్తలా ఎవరూ. మావాడు కూడా."

"ఎవరూ చదవలేదా?"

"నీ రాతనా?" అంది ఆవిడ.

నా సాహిత్య జీవితం మీద వచ్చిన సమీక్షల్లో ఇంత సూటిదీ, ఇంత నిజమైనదీ ఇంకోటి లేదు. ఎవరికీ కొరుకుడుపడకుండా రాయడం వల్లే నా గ్రంథం ఇన్నేళ్ళు ఒక పనికి నిలబడింది. తేలిక తెలుగులో రాసి ఉంటే ఏ రైతో చదివి, ఆకు మాట ఎక్కడుందమ్మా అని నిలదీసేవాడు. ఇప్పుడు ఇంగ్లీషు డబ్బా చూస్తే జనం చెడిపోయిందంటున్నారు. ఇది తెరుచుకోకపోతే ఆవిడ మాట చెల్లదు. కొత్త ప్యాకేజీ వస్తే ఆ కుర్చీయే ఉండదు. సైకిలు మీద వెళ్ళిన మనిషి సాయంత్రం లోపల తిరిగొస్తాడు. వస్తే చూపించడానికి ఏదో ఒకటి తెర మీద ఉండాలి.

బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు పరుగు లాంటి నడకతో వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది. పాత హెల్ప్ ఫైళ్ళు తెరవాలనుకునే చాదస్తులు లోకంలో ఇంకా ఉన్నారని, కంపెనీవాళ్ళే ఒక చిన్న ప్రోగ్రాం విడిగా పెట్టారు. కోరినవాళ్ళు దించుకోవచ్చు. అది దిగుతున్నంతసేపూ తెర మీద పచ్చగీత నత్తలా జరుగుతుంటే నేను దానికేసి చూస్తూ నిలబడ్డాను. పక్క సీటువాళ్ళు నాకేదో పరీక్ష ఫలితం రావాలనుకుని, వస్తదిలే సార్, కంగారుపడకండి అన్నారు.

పెన్ డ్రైవ్‌లో దాన్ని తెచ్చి కొట్లో మెషీన్లో ఎక్కించి, ఊపిరి బిగబట్టి ఎఫ్‌వన్ నొక్కాను. తెరుచుకుంది! తెర నిండా పిచ్చిగీతలు. ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, డాలరు గుర్తులూ. "ఇది తెలుగు కాదుగా" అంది ఆవిడ. ఫాంటు. ఊరూరా తిరిగి ప్రతి కొట్లోనూ స్వయంగా ఎక్కించి, జాగ్రత్తలు చెప్పి వచ్చిన ఆ ఫాంటును ఈసారి నేనే మర్చిపోయాను.

అది పాత మెషీన్లో ఉంది. పాత మెషీన్ గోడౌన్లో యూరియా బస్తాల వెనక ఉంది. దుమ్ము దులిపి, కరెంటు ఇచ్చి, వేశాను. మహానుభావుడు లేచాడు. కానీ అతనికి పెన్ డ్రైవ్ అంటే ఏమిటో తెలియదు, ఫ్లాపీ మాత్రమే తెలుసు. కొత్తవాడికేమో ఫ్లాపీ పెట్టే నోరే లేదు. ఒకే ఇంట్లో మాటల్లేని తాతామనవళ్ళలా ఉంది వాళ్ళ వ్యవహారం. ఫాంటును ఫ్లాపీలో వేసుకుని మళ్ళీ నెట్ సెంటరుకు వెళ్ళాను. అక్కడ మూలనున్న మెషీన్‌కు రెండు భాషలూ వచ్చు. ఫ్లాపీలోది పెన్ డ్రైవ్‌లోకి మార్చుకుని వెనక్కి వచ్చాను. ఇంత చదువూ చదివి ఆ రోజు నేను చేసిన పని ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి పోయడమే.

ఫాంటు ఎక్కించి నొక్కాను. "ఓ వర్తకశిఖామణీ!" అని తెర మీద నా తెలుగు ప్రత్యక్షమైంది. ఇన్నేళ్ళ తర్వాత చదువుతుంటే చెవులు వేడెక్కాయి. ఎవడు వీడు, ఎవరితో మాట్లాడుతున్నాడు అనిపించింది. పెద్దావిడ మాత్రం రెండు చేతులూ జోడించి, అమ్మయ్య అంది.

సరిగ్గా అప్పుడే షావుకారు వచ్చాడు. తెర చూసి మెచ్చుకున్నాడు. తర్వాత నా పక్కకు వంగి, "మాస్టారూ, ఎప్పట్నించో అడుగుదామనుకుంటున్నా. ఆ ఆకు రూలు ఇందులో నిజంగా ఉందా? అమ్మ కల్పించిందా? ఉంటే ఏ పేజీయో చూపించండి. లేకపోతే కొత్త ప్యాకేజీలో ఆ గోల వదిలించేస్తా" అన్నాడు.

ఆవిడ రోడ్డుకేసి చూస్తోంది. చేతులు కౌంటరు మీద ఉన్నాయి. వేళ్ళు కదలడం లేదు.

రచయితను పిలిచి, నీ పుస్తకంలో ఏముందని ఒక మనిషి అడగడం నా జీవితంలో అదే మొదటిసారి. పేజీలు కిందికి జరిపాను. ప్రింటరు అధ్యాయం దగ్గర ఆగి, కొబ్బరికాయ వాక్యం మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని చదివాను.

"కొనవచ్చినవాడు తన చేని ఆకును చూపనిదే మందు అమ్మరాదు. ఆకు తేనివానిని ఊరక పంపక, మంచినీళ్ళిచ్చి, ఇంటివారికి కబురంపవలెను."

"అంత స్పష్టంగా ఉందా!" అన్నాడు షావుకారు, కళ్ళజోడు లేక తెరకేసి కళ్ళు చికిలించి. తర్వాత నిటారుగా నిలబడి, "మీ తెలుగు చదవలేం గానీ మాస్టారూ, వింటుంటే బాగుంది. కొత్త ప్యాకేజీవాళ్ళకి కూడా ఈ రూలు పెట్టాలని చెబుతా. అమ్మే చూసుకుంటదిలే" అన్నాడు.

పని అయిపోయింది. బస్సుకు వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఏదో పరీక్షించాలని చెప్పి అక్కడే కూర్చుని, ఎఫ్‌వన్ నొక్కుతూ మూస్తూ, వీధి మలుపు వైపు చూస్తున్నాను. ఆవిడా అటే చూస్తోంది. నాకు భయం వేసింది. నేను నెట్ సెంటర్లో పచ్చగీత చూస్తున్నప్పుడు అతను ఇంకో కొట్టుకు వెళ్ళి ఉంటే? ఈ బజార్లో కొట్లకు కరువా? నా ఫాంటూ, నా శిఖామణీ అప్పుడు ఎవరికి పనికొస్తాయి?

ఎండ గుమ్మంలోంచి జరిగి రోడ్డు మీదికి వెళ్ళాక, సైకిలు కనబడింది. అతనే. దిగి, తువ్వాల్లో చుట్టిన పత్తి ఆకులు కౌంటరు మీద పరిచాడు. ఒకటి తిప్పి చూపించాడు. అడుగు భాగమంతా పేనుబంక, జిగురుజిగురుగా.

"ఇదిగో నీ ఆకు. పొద్దుట్నించీ చంపావు గదమ్మా" అన్నాడు.

"పేనుబంకా! ముందే చెప్పొచ్చుగా" అంది ఆవిడ. ఆకును వెలుగుకు ఎత్తి చూసింది.

"చెబితే ఇచ్చేదానివా? కంప్యూటర్ ఒప్పుకోదుగా!"

అతను నవ్వాడు. ఆవిడ ఎఫ్‌వన్ నొక్కి, తెర కాస్త అతని వైపు తిప్పింది. అతను నా వర్తకశిఖామణిని మర్యాదగా చూశాడు. నేను ఆ ఆకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. పురుగును చూసి ఏడుపు వచ్చేంత సంతోషపడ్డ కంప్యూటర్ మాస్టారు కృష్ణా జిల్లా మొత్తమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. చొక్కా వాలకం చూసి నవ్వాపుకుంటూ, "ఏమంది మీ పాఠకురాలు?" అని అడిగింది.

"ఒక్క వాక్యం బాగుందన్నారు."

"ఏ వాక్యం?"

"నేను రాయనిది."

ఎప్పట్లా ఏదో ఒకటి అనబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెచ్చింది. మెట్టు మీద కూర్చుని ఆవిడకు మొత్తం చెప్పాను.